ఏకాదశి నాడు గంజాయి

మా ఆయన నేను చేసిన బీరపొట్టు పచ్చడి ముట్టుకోవడం మానేశాడు. అంతా అక్కడ మొదలైంది.

వద్దని చెప్పి మానేస్తే వేరే సంగతి. అలా కాదు. కంచంలో ఎడమ పక్కన, పచ్చడి ఎక్కడ వెయ్యాలో అక్కడే వేశాను. కుడి పక్కనున్న కూర తిన్నాడు, పప్పు కలుపుకున్నాడు, మజ్జిగన్నం తిని వేళ్లు నాక్కుని లేచాడు. పచ్చడి మాత్రం వేసింది వేసినట్టే ఉంది. ఒక పూటైతే మర్చిపోయాడనుకుందును. రోజూ ఇదే తంతు. మాది నర్సీపట్నం, ఆయనది నంద్యాల పక్క పల్లె. పెళ్లయిన కొత్తలోనే మీ పచ్చళ్లలో కారం యాడుంది అని అడిగిన మనిషి. ఇన్నేళ్లూ నోరు మూసుకుని తిని, యాభై దాటాక మాంచెస్టర్‌లో కూర్చుని ఇలా పగ తీర్చుకుంటున్నాడని నాకు ఒళ్లు మండిపోయింది.

ఎదురుగా ఉంటే ‘ఏమండీ’, ‘మీరు’ అనే అంటాను. ఇక్కడ మాత్రం ‘అన్నాడు’, ‘తిన్నాడు’ అనే రాస్తాను. ఆయన చేసిన నిర్వాకానికి అంతకంటే మర్యాద ఇవ్వడం నావల్ల కాదు.

ఒకరోజు అడిగేశాను. కనపడలేదన్నాడు. కంచంలో గుప్పెడు పచ్చడి కనపడకపోవడమేమిటని ఇల్లెగిరిపోయేలా అరిచాను. మర్నాటి నుంచి బుద్ధిగా తినడం మొదలుపెట్టాడు. దారికొచ్చాడులే అనుకుని ఊరుకున్నాను.

ఆ తరవాత కాఫీ గ్లాసులో పోయబోయి గ్లాసు పక్కన పోశాడు. ఆఫీసులో తలుపు అంచు భుజానికి తగిలి కమిలిపోయింది. ఇద్దరం ట్రామ్ దిగుతుంటే స్తంభాన్ని గుద్దుకుని, దానికే సారీ చెప్పాడు. ఇరవై ఏళ్లు ఈ దేశంలో ఉంటే స్తంభానికైనా సారీ చెప్తాం, అది పెద్ద విశేషం కాదు. కానీ ఆ స్తంభం ఎడమ పక్కనే ఉంది, ఆయన చూస్తున్నదీ ముందుకే.

కళ్లజోళ్ల షాపుకి తీసుకెళ్లాను. అక్కడ పరీక్ష చేసిన అమ్మాయి మొదట నవ్వుతూ మాట్లాడింది. కాసేపటికి నవ్వు ఆపేసింది. కంటి ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది.

ఆసుపత్రిలో కన్సల్టెంటు, అంటే పెద్ద డాక్టరు, నా వయసు ఆడమనిషి. నెమ్మదిగా, గొంతు పెంచకుండా చెప్పింది. గ్లకోమా. మనవాళ్లు నీటికాసులు అంటారే, అదే. కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి సరిగ్గా పనిచేయక లోపల ప్రెషర్ పెరుగుతుందట. ఆ ప్రెషర్‌కి కంటి వెనకున్న నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుందట. నొప్పీ ఉండదు, ఎర్రబడటమూ ఉండదు. చూపు పక్కల నుంచి పోతుంటే, ఆ ఖాళీని మెదడు తనకి తోచినదాంతో పూడ్చేస్తుందట. అంటే నా పచ్చడి ఉన్న చోట ఆయనకి ఉత్త స్టీలు కంచం కనిపించిందన్నమాట.

పోయిన చూపు తిరిగి రాదని చెప్పింది. ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కల మందు ఉంది, జీవితాంతం వేసుకోవాలి, ఒక్క పూట కూడా మానకూడదంది. రెండు సీసాలు రాసింది. ఒకటి పడుకోబోయే ముందు, ఇంకోటి పొద్దునా సాయంత్రం. రెండు కళ్లకీ ఉంది జబ్బు, ఎడమది ఎక్కువ. మా ఆయన అన్నిటికీ తలూపాడు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మనిషి. కొత్త కెటిల్ కొన్నా దాంతో వచ్చిన కాగితాలు మొదటి నుంచి చివరిదాకా చదివి గానీ నీళ్లు పొయ్యడు. చుక్కల విషయంలో నాకు బెంగే లేకపోయింది.

ఇంటికొచ్చి దేవుడి గూటి ముందు నిలబడ్డాడు. మా ఇంట్లో దేవుడి గూడంటే వంటింట్లో బాయిలర్ పక్కనున్న అలమర. అక్కడ దండం పెట్టుకుని, కళ్లు నిలబడితే శనివారాలు ఉపవాసం ఉంటానని మొక్కుకున్నాడు. నాకు అభ్యంతరం లేదు. పొట్ట ఎలాగూ ముందుకొచ్చింది, ఆ రకంగానైనా తగ్గుతుందనుకున్నాను. మంచినీళ్లు కూడా ముట్టడు. సాయంత్రం దీపం పెట్టాక కాసింత ఉప్మా తింటాడు. ఇంటికి ఎవరైనా వచ్చి టీ తాగుతుంటే మాత్రం ఆ వాసనకి మొహం వేలాడేసుకుని కూర్చుంటాడు.

కొన్ని నెలలకి మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. ప్రెషర్ ఆవిడ అనుకున్నంత దిగలేదు. సీసా మార్చింది. ఈ కొత్తది చాలా చేదని, గొంతులోకి దిగుతోందని ఆయన నాతో ఒకసారి గొణిగాడు. కంట్లో వేసుకున్నది గొంతులోకి ఎలా దిగుతుందండీ, అంతా మీ చాదస్తం అన్నాను. ఇంటికొచ్చి సోమవారం కూడా ఉపవాసం కలిపాడు, శివుడికి. ఆ పైసారి వెళ్తే ప్రెషర్ ఇంకా పైనే ఉంది. మంగళవారం ఆంజనేయుడికి రాసిచ్చాడు. పక్షానికోసారి ఏకాదశి, అది మర్నాడు పొద్దున దాకా పూర్తిగా కడుపు మాడ్చుకోవడమే. దేవుళ్లందరికీ వారం వారం రోటా వేసి, విష్ణుమూర్తికి ఓవర్‌టైమ్ కూడా ఇచ్చినట్టు తయారైంది మా ఇల్లు. వంట చెయ్యడానికి నాకు మిగిలింది బుధ, గురు, శుక్ర, ఆదివారాలు. అవీ ఏకాదశి పడకపోతే.

కార్తీకం వచ్చింది. సోమవారం నక్షత్రం చూసి తినాలి. మాంచెస్టర్‌లో, నవంబరు మబ్బులో, గ్లకోమా కళ్లతో నక్షత్రం చూడాలట. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోయేది. కోటు వేసుకుని వెనక తోటలో చెత్త బిన్నుల పక్కన నిలబడి ఆకాశం వంక చూసేవాడు. కనిపిస్తాందా అని నన్నడిగేవాడు. ఎయిర్‌పోర్టులో దిగబోతున్న విమానం వైపు వేలు చూపించి, అదిగోనండీ, రండి తిందాం అనేదాన్ని. దేవుడికి నా మీద కోపం వస్తే ఆయన కళ్లకి కాక నా కీళ్లకి తగలాలని ముందే చెప్పి పెట్టుకున్నాను.

గంజాయి మా ఇంట్లోకి వచ్చింది ఆ కార్తీకంలోనే, వనభోజనాల పూట.

వనభోజనాలంటే వనం ఏమీ లేదు. కౌన్సిల్ వాళ్ల కమ్యూనిటీ హాలు. ఉసిరిచెట్టు కింద తినాలి కాబట్టి ఎవరో ఉసిరికొమ్మ ఫోటో రంగుల్లో ప్రింటు తీసి గోడకి అతికించారు. దాని కింద కుర్చీ కోసం పెద్దవాళ్లు పోటీ పడుతున్నారు. లండన్ వైపు ఇల్ఫర్డ్ నుంచి కొడుకుని చూడ్డానికొచ్చిన ఒక అంకుల్ ఆ కుర్చీ సంపాదించి, పులిహోర తింటూ మా ఆయన కళ్ల సంగతి విన్నాడు. ఎవరికే జబ్బున్నా ఆయన దగ్గర ఒక మందు ఉంటుంది. గంజాయి నూనె వాడితే కంటి ప్రెషర్ ఠక్కున దిగిపోతుందని, తెల్లవాళ్లు ఎప్పుడో కనిపెట్టారని, డాక్టర్లు కావాలనే చెప్పరని చెప్పాడు. ఆ ముక్క చెప్పి ఇంకో గరిటె పులిహోర వేయించుకున్నాడు.

నేను పకపకా నవ్వాను. గంజాయి నాకు కొత్త కాదు. మా వైపు ఏజెన్సీ కొండల మీంచి దిగేది. చిన్నప్పుడు బస్సు ఆపి పోలీసులు సీట్ల కింద సంచులు వాసన చూసేవాళ్లు. ఒకసారి మా అమ్మ చేసిచ్చిన కరివేపాకు పొడి డబ్బా మూత తీయించి, ముక్కు దగ్గర పెట్టుకుని, తుమ్ముకుంటూ దిగిపోయారు. అలాంటి సరుకు కోసం కార్తీకంలో ఉల్లిపాయ కూడా ముట్టని మా ఆయన ఆశపడతాడని కలలో కూడా అనుకోలేదు. ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాడు.

ఆ ఆదివారం నన్ను సోఫాలో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించాడు. నిజం, ఆఫీసులో చూపిస్తారే, అవే. గంజాయి అనే మాటే లేదు, అంతా కెనబిస్. కంటి ప్రెషర్‌ని అది దించుతుందన్నది అబద్ధం కాదట. ఈ దేశంలో రోడ్డు మీద తాగితే నేరమే గానీ, స్పెషలిస్టు డాక్టరు రాసిస్తే కొన్ని జబ్బులకి మందుగా వాడుకోవచ్చట. దానికి ప్రైవేటు క్లినిక్‌లున్నాయట. ఆఖరి స్లైడు పేరు రిస్కులు. దాని కింద ఒకటే ఉంది, ‘భార్య’ అని.

ఇది చాలదన్నట్టు, ఒక సాయంత్రం నడకకి వెళ్తే టేక్‌అవే వెనక సందులో నలుగురు నిలబడి గంజాయి సిగరెట్టే పీలుస్తున్నారు. మామూలుగా అయితే ఆ వాసనకి ముక్కు మూసుకుని, దేశం పాడైపోయిందని అర మైలు దూరం తిట్టే మనిషి, అక్కడ ఆగాడు. గొడుగు చంకలో పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, ప్రాణాయామం చేస్తున్నట్టు లోపలికి పీల్చడం మొదలెట్టాడు. వాళ్లలో ఒకడు, బాగానే ఉన్నారా అని అడిగాడు, పాపం, నిజంగా కంగారుపడి. మా ఆయన, కళ్లకి మంచిదట అన్నాడు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఇల్లు చేరేదాకా నాకు నవ్వు ఆగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. అద్దంలో ఎడమ కన్ను చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

మా అమ్మాయి న్యూకాసిల్‌లో చదువుతోంది. వారాంతం ఇంటికొస్తే సంగతి చెప్పాను. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. కాలేజీకి వెళ్లేముందు డ్రగ్స్ జోలికి పోవద్దని తనకి రెండు గంటలు క్లాసు పీకిన తండ్రి ఇప్పుడు అదే అడుగుతున్నాడని తెలిసి, “డాడ్, ఆర్ యూ సీరియస్?” అంది. ఆయన సీరియస్సే. నీ ఫ్రెండ్స్‌లో ఎవరికైనా దీని గురించి తెలుసా అని కూడా అడిగాడు. అది చేతిలో టోస్టు పట్టుకుని మేడ మీదకి పోయింది.

ఇవన్నీ నేను నవ్వుతూ చెప్తున్నాను గానీ, అప్పుడు ఇంట్లో పరిస్థితి నవ్వేలా లేదు. ఆ నెల ఆసుపత్రిలో ఎడమ కన్ను ఇంకా దిగజారిందన్నారు. గ్లకోమా క్లినిక్ సోమవారాలే. పిలిచినప్పుడల్లా ఒక సోమవారం మేం వెళ్లడం, ప్రెషర్ ఎక్కువగా ఉండటం, కన్సల్టెంటు నుదురు చిట్లించడం. ఇంత మందుకి దిగకపోవడం తనకి అర్థం కావట్లేదని, ఇలాగే ఉంటే ఆపరేషన్ చెయ్యాలని, అది చేసినా ఎడమ కంటి చూపు నిలుస్తుందని మాట ఇవ్వలేనని చెప్పింది. చుక్కలు మానకుండా వేసుకుంటున్నారా అని అడిగింది. వేసుకుంటున్నానన్నాడు. పక్కన నేనూ సాక్షిలా తలూపాను.

అందుకే ప్రైవేటు క్లినిక్ డాక్టరుతో వీడియోలో మాట్లాడతానంటే ఇక అడ్డు చెప్పలేదు. నాకూ భయమేసింది. గంజాయో, గాడిద గుడ్డో, పని చేస్తే చాలనుకున్నాను.

ఆ రోజు మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, విభూతి పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. గంజాయి అడగడానికి విభూతి ఎందుకండీ అన్నాను, మాట్లాడొద్దని సైగ చేశాడు. తెర మీద డాక్టరు నలభై ఏళ్ల మనిషి, ఓపిగ్గా విన్నాడు. ఇంతకుముందు ఎప్పుడైనా వాడారా అని అడిగాడు. మా ఆయన, కార్తీకంలో ఉల్లిపాయ కూడా తిననని చెప్పాడు. డాక్టరుకి అది ఏ మూలకీ అర్థమై ఉండదు. అయినా రాసుకున్నాడు.

అంతా విని, ఇవ్వనన్నాడు. ప్రెషర్ దిగే మాట నిజమే గానీ, మూడు నాలుగు గంటలే ఆ దిగడం, తరవాత మళ్లీ మామూలే. గ్లకోమా రాత్రీ పగలూ ఉండే జబ్బు. అంటే రాత్రీ పగలూ, నిద్రలో లేచి కూడా, అది వేసుకుంటూనే ఉండాలి. అప్పుడిక కారు నడపడం ఉండదు, ఉద్యోగం ఉండదు, తల తన స్వాధీనంలో ఉండదు. పైగా అది ఒంట్లో బీపీ కూడా దించుతుంది. కంటి నరానికి వెళ్లే రక్తం తగ్గితే ఉన్న చూపుకే ఎసరు. వేరే జబ్బులకి నేను రాస్తాను, దీనికి రాయను, మీ చుక్కలే దీనికంటే మంచి మందు అని చెప్పేశాడు. చుక్కలు రోజూ పడుతున్నాయా అని ఆయనా అడిగాడు. మా ఆయన మళ్లీ అవునన్నాడు. నేను మళ్లీ తలూపాను.

తెర ఆరిపోయింది. మా ఆయన, మూడు గంటలకోసారి వేసుకుంటే ఏమవుతుంది, అలారం పెట్టుకుంటాను, సెలవు పెడతాను అని మొదలెట్టాడు. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. తేలిక చేద్దామని, వేళాకోళానికే అడిగాను.

“మరి ఏకాదశి నాడేటి చేస్తారండీ? మూడు గంటలకోసారి గంజాయి బిగించి కూర్చుంటే ఉపవాసం ఏటైపోద్ది?”

ఆయన వేళాకోళంగా తీసుకోలేదు. ముందే ఆలోచించి పెట్టుకున్నాడు.

“దానికేమి మే. అది శివునికి ఇష్టమైన ఆకు. ఉపవాసానికి అడ్డం రాదు. పొగే గదా, ఈ చుక్కల మాదిరి గొంతులోకి దిగదు.”

“ఏ చుక్కలు?”

“కంట్లో ఏసుకునేటివే. ఏసుకుంటానే చేదు గొంతులోకి దిగుతాది. మింగినట్లే గదా అది. అందుకే ఉపవాసం రోజు ఏసుకోను.”

చేతిలో ఉన్న కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టాను. శనివారం, సోమవారం, మంగళవారం, ఏకాదశి. ఆసుపత్రికి వెళ్లే ప్రతి సోమవారం. కార్తీకం సంగతి తలుచుకోవడానికే భయమేసింది. రాత్రి పడుకోబోయే ముందు వేసుకునేది కూడానా అని అడిగాను. అది ఫలహారం చేశాక వేసుకుంటాడట. ఏకాదశికి మాత్రం అదీ లేదట. ఎంత మామూలుగా చెప్పాడంటే, కరెంటు బిల్లు కట్టానని చెప్పినట్టే చెప్పాడు.

కళ్ల కోసం ఉపవాసం పట్టాడు. ఉపవాసం కోసం చుక్కలు మానేశాడు. చుక్కలు మానేస్తే ప్రెషర్ పెరిగింది. ప్రెషర్ పెరిగిందని ఇంకో ఉపవాసం పట్టాడు. నాకు ముందు ఏడుపొచ్చింది. తరవాత వచ్చిన కోపం ముందు ఆ ఏడుపు నిలబడలేదు. ఎవరు చెప్పారు మీకు, ఏ పంతులు చెప్పాడు, ఏ పుస్తకంలో ఉంది అని అరిచాను. ఎవరూ చెప్పలేదట, తనకే తెలుసట. కెటిల్ కాగితాలు చదివే మనిషి దీని గురించి ఒక్కరిని అడగలేదు. డాక్టరుకి ఎందుకు చెప్పలేదంటే, తెల్లవాళ్ల ముందు ఉపవాసం అంటే నవ్వుతారని. నాకెందుకు చెప్పలేదంటే, నేను ఎటూ నవ్వుతానని. ఆ రెండో మాట నిజమే.

అప్పుడే టెంపుల్‌లో పూజారిగారికి ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టాను. కంట్లో మందు వేసుకుంటే ఉపవాసం చెడుతుందా అండీ అని అడిగాను. ఆయన ఏదో అభిషేకం మధ్యలో ఉన్నట్టున్నాడు, వెనక గంట మోగుతోంది.

“మందుకి దోషం లేదమ్మా. నీళ్లకీ పాలకీ పళ్లకే లేదు, మందుకెక్కడిది? వేసుకోమనండి. మానితేనే తప్పు,” అన్నాడు. ఇంకేమైనా ఉందా అని అడిగి పెట్టేశాడు.

మా ఆయన ఫోన్ వంకే చూస్తున్నాడు. ఇంత చిన్న జవాబు ఇంతకాలం అర మైలు దూరంలో ఉందని నమ్మడానికి ఆయనకి టైము పట్టింది. నేను ఇంకా తిట్టేదాన్నే. కానీ ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు.

“నువ్వు కనపడకుండా పోతావేమోనని మొక్కుకున్న్యా మే. ఇంకేం కాదు.”

ఆ సోమవారం కన్సల్టెంటు దగ్గర నేనే మొత్తం చెప్పాను. ఆయన తల దించుకుని కూర్చున్నాడు. ఆవిడ నవ్వలేదు. ఎందుకోసం ఉపవాసం అని మాత్రం అడిగింది. కళ్ల కోసం అన్నాడు. ఆవిడ పెన్ను కింద పెట్టింది. తన దగ్గరికొచ్చే ముస్లిం పేషెంట్లు ప్రతి రంజాన్‌కీ ఇదే అడుగుతారని, మీరూ ఒక్కసారి అడిగుంటే బాగుండేదని చెప్పింది. గొంతులోకి దిగే మాట నిజమేనట. కంటి మూల నుంచి ముక్కులోకి, అక్కణ్నుంచి గొంతులోకి ఒక సన్న దారి ఉందట. చుక్క వేసుకున్నాక కళ్లు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూల దగ్గర వేలితో రెండు నిమిషాలు అదిమి పట్టుకుంటే మందు కంట్లోనే ఉంటుంది, చేదు దిగదు. అదిమి చూపించింది. చాదస్తం అని నేను కొట్టిపారేసిన దారి నిజంగానే ఉంది.

అప్పటి నుంచి చుక్కలు నేనే వేస్తున్నాను. శనివారమూ వేస్తాను, సోమవారమూ వేస్తాను, ఏకాదశి నాడు కాస్త గట్టిగా వేస్తాను. మంగళవారం ఆంజనేయుణ్ని రోటాలోంచి తీసేశాం, ఆయనేమీ అనుకోలేదు. ప్రెషర్ దిగింది. దిగడమంటే, కన్సల్టెంటు మళ్లీ ఇంకోసారి కొలిచి చూసుకునేంత బాగా దిగింది. ఆపరేషన్ మాట పక్కన పెట్టారు.

కానీ ఆ నెలల్లో పోయింది పోయినట్టే. చూపు కొలిచే పరీక్ష ఒకటుంది. గిన్నెలాంటి తెల్లటి మిషన్‌లో తల పెట్టి కూర్చోవాలి, లోపల ఎక్కడ వెలుగు మెరిస్తే అప్పుడు చేతిలో బటన్ నొక్కాలి. నేను తెర ఇవతల కుర్చీలో కూర్చుని వింటుంటాను. టక్, టక్, టక్ అని వినిపిస్తుంది. మధ్యలో ఆగిపోతుంది. ఎంతసేపటికీ వినిపించదు. లోపల వెలుగులు వస్తూనే ఉంటాయి, ఆయనకి తెలియదు. ఆ నిశ్శబ్దంలో కూర్చోవడం నాకు చేతకావడం లేదు, ఇప్పటికీ. కాగితం మీద కింద ఎడమ పక్క నల్లగా వస్తుంది. మొదటిసారి వచ్చినదానికంటే ఇప్పుడు నలుపు పెద్దది.

ఇల్ఫర్డ్ అంకుల్ మొన్న ఫోన్ చేశాడు, గంజాయి పని చేసిందా అని. చేసిందన్నాను. అది అడగబట్టే అసలు సంగతి బయటపడింది కాబట్టి నేను చెప్పింది అబద్ధం కాదు. ఆయన సంతోషంగా ఇంకెవరికో చెప్పడానికి పోయాడు. వెంటనే తిరిగి ఫోన్ చేసి, అది వాడలేదని, చుక్కలే పని చేశాయని చెప్పాల్సి వచ్చింది. నిరాశపడ్డాడు.

మొన్న ద్వాదశి పొద్దున, ఉపవాసం విడిచే వేళకి కంచం పెట్టాను. మా అమ్మాయి కూడా ఇంట్లోనే ఉంది. అన్నం, పప్పు, కూర వేశాను. బీరపొట్టు పచ్చడి గిన్నె తీసుకుని, ఎడమ పక్కకి వంగినదాన్ని ఆగాను. మా అమ్మ చూస్తే చంపేస్తుంది, వడ్డన రాని దద్దమ్మ అంటుంది. పచ్చడి కుడి పక్కన, కూరకి ఆనించి వేశాను. ఆయనకేమీ చెప్పలేదు.

ఆయన మంత్రం చదువుకుని, నీళ్లు చిలకరించి, అన్నంలో చెయ్యి పెట్టబోయే ముందు ఎడమచేతి వేళ్లు కంచం ఎడమ అంచు మీదుగా మెల్లగా పోనిచ్చాడు. ఒకసారి పైనుంచి కిందకి, మళ్లీ కిందనుంచి పైకి. ఉత్త స్టీలు తగిలింది. మళ్లీ తడిమాడు. అప్పుడు తెలిసింది నాకు. నేను అరిచాక ఈయన దారికొచ్చింది లేదు. పచ్చడి కనపడటమూ లేదు. నేను బాధపడతానని రోజూ నాకు తెలియకుండా వేళ్లతో వెతుక్కుని తింటున్నాడు.

“ఈ రోజు పచ్చడి చెయ్యలేదా?” అని అడిగాడు, తప్పు తనదే అన్నట్టు.

“కుడి పక్కన చూడండి,” అన్నాను.

చూశాడు. ఇంత పచ్చడి తీసి అన్నంలో కలిపాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, పెళ్లయినప్పటి నుంచి ఎప్పుడూ అనని మనిషి, కారం సరిపోయిందన్నాడు. ఇంకొంచెం వేశాను, కుడి పక్కనే.